పొలంలో నీడ పోయాక: నా అనుభవం

జీడి పిక్కలు ఏరుతున్న మా అత్త ఉన్నట్టుండి తట్ట కింద పెట్టి, “పెద్దోడు బడి నుంచి వచ్చీసేడా?” అని నన్ను అడిగారు. పెద్దోడంటే మా ఆయన. ఆయనకి నలభై దాటాయి. 2023 ఏప్రిల్ నెల, పొద్దున పదకొండు దాటి ఉంటుంది. పరాకున అన్న మాటనుకుని నేను నవ్వేశాను. రెండు నిమిషాలకి ఆవిడ చెట్టు మొదట్లో కూలబడిపోయారు. చెయ్యి పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టు ఉంది. ఒంటి మీద చెమట చుక్క లేదు.

పక్క తోటలో ఉన్న ఆడవాళ్ళు పరుగున వచ్చారు. ఒకరు మజ్జిగ పట్టమంటారు, ఒకరు ఉల్లిపాయ రుద్దమంటారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా ఊరి ఆశా దీదీకి ఫోన్ చేస్తే ఆవిడ ఫోన్‌లోనే అరిచారు: “తెలివి సరిగ్గా లేనప్పుడు నోట్లో ఏటీ పొయ్యకండి! ఒంటి మీద పొయ్యండి, విసరండి.” తాగడానికి తెచ్చుకున్న బిందెడు నీళ్ళూ ఆవిడ మీద కుమ్మరించాం. కొంగులు తడిపి మెడ కింద, చంకల్లో, గజ్జల్లో పెట్టాం. ఇద్దరు తువ్వాళ్ళతో ఆపకుండా విసిరారు. ఆటో రావడానికి ముప్పావు గంట పట్టింది. దారి పొడవునా తడిగుడ్డలు మారుస్తూనే ఉన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు, మీరు ముందే ఒళ్ళు చల్లబరచకపోతే మనిషి దక్కేది కాదన్నారు. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు మీదికి వెళ్తుందట. పొంతన లేకుండా మాట్లాడడమే దానికి పెద్ద గుర్తట. ఆ గుర్తు నా కళ్ళ ముందు కనబడితే నేను నవ్వాను. అందుకే ఇప్పుడు ఎవరితో పొలం వెళ్ళినా మధ్యమధ్యలో ఏదో ఒకటి అడుగుతూ ఉంటాను. జవాబు తిన్నగా వస్తే పని, లేకపోతే నీడ.

మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు, వంశధారకు దగ్గర్లో చిన్న ఊరు. ఏరు దాటితే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. ఎకరంన్నర పల్లం, ఎకరం మెట్ట, మెట్టకు ఆనుకుని కొండవాలులో పాతిక జీడిచెట్లు, ఇదీ మా ఆస్తి. పండింది ముందు గాదెకి వెళ్తుంది, ఇంటికి సరిపోగా మిగిలితేనే అమ్మకానికి. ఎండ అంటే మాకు కొత్త కాదు. 1998 ఎండల్లో ఒడిశాలో రెండువేల మందికి పైగా చనిపోయారు. సర్కారు లెక్క 2,042. ఆ ఏడాది సంగతులు మావయ్య ఇప్పటికీ చెబుతారు. కానీ ఆయన కూడా ఒప్పుకునేది ఏమిటంటే, అప్పట్లో ఎండ ఉండేది, దాంతో పాటు నీడా ఉండేది.

మా నీడ 2018 అక్టోబరు 11న పోయింది. ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదికి వచ్చింది. గజపతిలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు. మా ఊళ్ళో మనుషులు దక్కారు, చెట్లు దక్కలేదు. మెట్ట గట్టు మీద మావయ్య తాతగారి నాటి చింతచెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. కొబ్బరిచెట్లు పోయాయి, జీడిచెట్లు సగానికి సగం పోయాయి. తుఫాను నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు కొబ్బరిచెట్టు లెక్కేశారు, జీడిచెట్టు లెక్కేశారు. చింతచెట్టు కింద పన్నెండు మంది కూలీలు మధ్యాహ్నం నడుం వాల్చేవారు. దాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు?

మా గడ్డి కప్పు కూడా ఆ రోజే ఎగిరిపోయింది. మళ్ళీ గాలికి పోకూడదని అప్పూ సప్పూ చేసి సిమెంటు రేకులు వేయించాం. తుఫానుకి భయపడి వేసిన రేకులు ఎండాకాలం మమ్మల్ని ఉడకబెడుతున్నాయి. రాత్రి పదకొండింటికి కూడా రేకు కిందకి చెయ్యి ఎత్తితే సెగ తగులుతుంది. అత్త పడిపోవడానికి ముందు వారం రోజులు ఆవిడకి కంటి నిండా నిద్ర లేదు. డాక్టరు గారు అడిగేదాకా మాకు ఆ సంగతి తట్టలేదు. పగటి వేడి రాత్రి చల్లారాలి. అలా చల్లారకుండానే మర్నాడు పనిలోకి దిగితే ఒళ్ళు ముందే ఓడిపోయి ఉంటుంది. పైగా మాది పొడి ఎండ కాదు, ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది!

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదట ఇంటి కప్పు పని పట్టాం. సున్నంలో గంజీ కాస్త ఫెవికాలూ కలిపి, సాయంత్రం పూట చీపురుతో రేకుల మీద రెండు పూతలు వేశాం. లోపల వాసాలకి తాటాకు తడికలు కట్టాం. రేకుకీ తడికకీ మధ్య జానెడు ఖాళీ ఉంచమని మావయ్య పట్టుబట్టారు. ఆ ఖాళీలో గాలి ఆడడమే అసలు కిటుకు. ఇల్లు చల్లగా అయిపోయిందని అబద్ధం చెప్పను. కానీ అత్త పన్నెండింటికి నిద్రపోతున్నారు, అంతకు ముందు రెండయ్యేది. వానలకి సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మార్చిలో మళ్ళీ వెయ్యాలి.

తర్వాత పని వేళలు. చెప్పడానికి తేలిక, చెయ్యడానికి ఇల్లంతా తలకిందులవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పొలంలో ఉండాలంటే నేను రెండున్నరకి లేవాలి. పొయ్యి, నీళ్ళు, పశువుల పని అన్నీ చీకట్లోనే. తొమ్మిదిన్నరకి ఇంటికి వచ్చెయ్యాలి, మళ్ళీ నాలుగున్నర దాటాకే వెళ్ళాలి. ఏప్రిల్‌లో ఇక్కడ బళ్ళు కూడా ఉదయం పూటే కాబట్టి పిల్లలతో ఇబ్బంది తగ్గింది. తలకి కట్టుకునే లైట్లు రెండు కొన్నాం. చీకట్లో పాముల భయం ఉంది, అందుకే ముందు ఒకరు కర్రతో గట్టు తట్టుకుంటూ నడవాలి. పగలు నిద్ర మగవాళ్ళకి దొరుకుతుంది, ఆడవాళ్ళకి దొరకదు. ఇది నేను మా సంఘం మీటింగులో కూడా గట్టిగానే చెప్పాను. వేళలు మార్చుకుంటే సరిపోదు, ఇంటి పని పంచుకోకపోతే వడదెబ్బ పొలంలో కాకుండా వంటింట్లో తగులుతుంది. ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి నీళ్ళు మా ఆయన తెస్తున్నారు.

తిండిలో కొత్తగా చేసిందేమీ లేదు, పాతదే మళ్ళీ మొదలుపెట్టాం. పెళ్ళైన కొత్తలో మా ఇంట్లో తరవాణి కుండ ఉండేది. టీ అలవాటై అది అటకెక్కింది. ఆ కుండే దింపి కడిగాం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళూ గంజీ పోసి మూత పెడితే తెల్లారేసరికి సన్నటి పులుపు వాసన వస్తుంది. ఉప్పు రాయి, పచ్చిమిరపకాయ, చిన్న ఉల్లిపాయ ఉంటే పొలం గట్టు మీద అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఒడియా వాళ్ళు పొఖాళ అనేది దాదాపు ఇదే. మార్చి 20న దానికో రోజు కూడా జరుపుకుంటారు. టీ తాగి పొలానికి వెళ్తే గంటకే గొంతు ఎండేది. తరవాణి తాగి వెళ్తే తొమ్మిది వరకు నిలబడగలం. దాంతో పాటు సీసాలో ఆశా దీదీ చెప్పిన నీళ్ళు: లీటరుకి తలకొట్టిన టీ చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి చేతి అంచనాతో వెయ్యకూడదు.

అసలు పెద్ద మార్పు మెట్టలో జరిగింది. ఆ ఎకరంలో ఏటా వరే చల్లేవాళ్ళం. వాన సరిగ్గా పడితే ఎనిమిది బస్తాలు, లేకపోతే గడ్డి. ఈనిక వేళ, అంటే వెన్ను తీసేటప్పుడు, ఎండ కాస్తే గింజ పట్టదని మావయ్య ఎప్పుడూ అనేవారు. ఒక శిక్షణలో వ్యవసాయం ఆయన దానికి కారణం చెప్పారు. వరి పువ్వు విచ్చుకునే వేళకి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పొల్లు పెరుగుతుందట. రాత్రి వేడి కూడా పంటను తింటుందట. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, పొడి కాలపు వరికి రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం దాకా పడిపోయిందని 2004లోనే తేలిందట. అది విని అత్త అన్నారు, “మనకీ వరికీ ఒకటే జబ్బన్నమాట, రాత్రి చల్లారకపోవడం.”

చోళ్ళు, అంటే రాగులు, వేద్దామన్నది కూడా ఆవిడే. పడిపోయి లేచిన మనిషి, మంచం మీద కూర్చుని, “మా అమ్మగారింట మెట్టంతా చోళ్ళే. వాన లేకపోయినా అంబలికి లోటుండేది కాదు” అన్నారు. చోళ్ళ లాంటి చిరుధాన్యాల కోసం ఒడిశా సర్కారు 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో మా గజపతీ ఉంది. అయినా మా పల్లపు ఊళ్ళ వాళ్ళం అది కొండ మీద సవర గిరిజనుల కోసమే అనుకున్నాం. నిజం చెప్పాలంటే, చోళ్ళు లేనివాళ్ళ తిండి అన్న చిన్నచూపు మాలో ఉండేది. విత్తనానికి ఆ సవర వాళ్ళ ఊరికే వెళ్ళాం. అక్కడి పెద్దావిడ రెండు మానికల విత్తనం ఇచ్చి డబ్బులు పుచ్చుకోలేదు, పండాక మూడు మానికలు తిరిగి ఇవ్వమన్నారు. చేను మొత్తం ఒకటే వెయ్యొద్దని, మధ్యలో కంది సాళ్ళు వేసుకోమని కూడా చెప్పారు. వాళ్ళు చోళ్ళూ, గంటెలూ (సజ్జలు), కందీ కలిపే వేస్తారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది.

అరవై సెంట్లలో వరసల్లో నాటాం, నలభై సెంట్లలో పాత పద్ధతిలో చల్లాం. నాటడం వరిలో శ్రీ పద్ధతి లాంటిదే. ఎత్తుగా చేసిన మడిలో పల్చగా నారు పోసి, పదిహేను పద్దెనిమిది రోజుల లేత నారు తీసి, పాతిక సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో చోట ఒక్కటే మొక్క పెట్టాలి. వేలెడు మొక్కని అంతంత దూరాన పెడుతుంటే ఉబాలకి (నాట్లకి) వచ్చిన ఆడవాళ్ళు నా మొహం చూశారు. “ఇదేటి చేను, బట్టతల లాగుంది!” అన్నారు. ఇరవై రోజుల తర్వాత వీడర్ తోసినప్పుడు తెలిసింది ఆ ఎడం ఎందుకో. వీడర్ కలుపుని మట్టిలోకి తొక్కేస్తుంది, వేళ్ళకి గాలి ఆడుతుంది. ఒక్కో మొక్క పది పన్నెండు పిలకలు పెట్టింది. జీవామృతం మూడుసార్లు పోశాం: రెండువందల లీటర్ల నీళ్ళకి పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల సెనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. వీడర్ వరకు సంఘం వాళ్ళే ఇచ్చారు.

అప్పుడొచ్చింది ఆగస్టు. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అతి తక్కువ వాన పడిన ఆగస్టు. మా దగ్గర రెండు వారాలకి పైగా చినుకు లేదు. పల్లంలో వరికి ఇంజను పెట్టి రెండు తడులు ఇచ్చాం, డీజిల్ ఖర్చు తడిసి మోపెడయ్యింది. మెట్టకి ఇచ్చే దారే లేదు. రోజూ సాయంత్రం వెళ్ళి చూసేదాన్ని. మధ్యాహ్నానికి చోడి ఆకులు గొట్టాల్లా చుట్టుకుని బూడిద రంగుకి తిరిగేవి. చచ్చిపోయాయనుకుంటే తెల్లారేసరికి మళ్ళీ విచ్చుకుని, అంచుల్లో మంచు బొట్లతో కనబడేవి. చల్లిన చేలో అక్కడక్కడా మాడింది. నాటిన చేలో మొక్క పీకి చూస్తే వేరు మూరెడు దిగి ఉంది, చివర్న తడిమట్టి అంటుకుని ఉంది. ఆ మట్టిని నలిపి చూశాను, ఉండ కట్టింది. ఆ సాయంత్రం నాకు ఏడుపు వచ్చింది. సంతోషమో దిగులో చెప్పలేను. సెప్టెంబరులో వానలు తిరిగి పడ్డాయి.

నవంబరులో నాటిన అరవై సెంట్లకి నాలుగున్నర క్వింటాళ్ళు వచ్చాయి. చల్లిన నలభై సెంట్లకి ఒకటిన్నర. కంది కుంచాల లెక్కన ఇంటికి సరిపోయింది. పెద్దావిడకి మూడు మానికలకి బదులు ఆరు ఇచ్చి వచ్చాం.

అమ్మకం దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. మద్దతు ధరకి అమ్మాలంటే ముందే రైతుగా పేరు నమోదు చేయించుకోవాలి. పట్టా మావయ్య తండ్రి పేరు మీద ఉంది. మా తెలుగు ఇంటిపేరు ఒడియా రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకొకలా ఉంది. ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఇంకో కాగితం అన్నారు. చివరికి గడువు అయిపోయిందన్నారు. సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ పేర్ల గొడవ లేని ఇల్లు తక్కువ. ఆ ఏడు మద్దతు ధర క్వింటాకు 3,846 రూపాయలు. ఇంటికి మూడు క్వింటాళ్ళు ఉంచుకుని, మిగిలినవి 2,600 చొప్పున షావుకారికి వేశాం. మరుసటేడు వారసత్వం కాగితాలు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టి, మా ఆయన పేరు మీద నమోదు చేయించాం. 2024-25లో ధర 4,290. తేమ పన్నెండు శాతం లోపు ఉంటేనే తీసుకుంటారు కాబట్టి కళ్ళంలో టార్పాలిన్ మీద నాలుగు ఎండలు ఎండబెట్టి, పంటి కింద గింజ కటుక్కుమనేదాకా ఆగి పట్టుకెళ్ళాం. డబ్బు ఖాతాలో పడింది.

ఇక్కడొకటి చెప్పాలి. 2024-25లో ఒడిశాలో వరికి మద్దతు ధర 2,300 మీద సర్కారు మరో 800 కలిపి 3,100 ఇచ్చింది. రైతుగా నేను సంతోషించాను. కానీ ఆ ధర విని మా ఊళ్ళో ఇద్దరు చోళ్ళు మాని మెట్టలో మళ్ళీ వరి చల్లారు. వాళ్ళని తప్పు పట్టను, ఎకరానికి వచ్చే గింజ వరిలోనే ఎక్కువ. పల్లంలో మేమూ వరే వేస్తాం. మెట్టలో మాత్రం ఎన్ని బస్తాలు పండుతాయన్నది కాదు, ఎన్నేళ్ళలో ఎన్నేళ్ళు పండుతుందన్నది చూసుకోవాలని నా అభిప్రాయం.

ఇప్పుడు నీడ సంగతి. 2023 వానాకాలంలో మెట్ట గట్టు మీద పదకొండు మొక్కలు పెట్టాం: రెండు చింత, మూడు కానుగ, మూడు మునగ, ఒక వేప, రెండు పనస. 2024 ఏప్రిల్‌లో రోజుల తరబడి వడగాలులు వీచాయి. అప్పటికి ఏడు మిగిలాయి. వాటిని బతికించింది అత్త. పాత కుండల అడుగున చిన్న బెజ్జం చేసి, గుడ్డపీలిక దూర్చి, మొక్క పక్కన మెడ దాకా పాతిపెట్టారు. కుండ నింపి పైన పెంకు మూస్తే మూడు రోజులు సన్నగా దిగుతుంది. మొక్కల మొదళ్ళలో గడ్డి కప్పారు. అంత దూరం బిందె మొయ్యొద్దని మేమంటే, సాయంత్రం ఐదు దాటాకే వెళ్తానని మాటిచ్చి, చాలా రోజులు నిలబెట్టుకున్నారు. మునగలు ఇప్పటికే మనిషికి రెట్టింపు ఎత్తయ్యాయి. కానుగ కింద ఒకరు కూర్చునేంత నీడ పడుతోంది. చెట్లు పెరిగేదాకా గట్టు మీద నాలుగు గుంజలు పాతి కొబ్బరాకులతో పందిరి వేశాం. కుండెడు నీళ్ళు అక్కడే ఉంటాయి.

మా పక్క ముక్క కౌలుకి చేసే పిన్నికి ఆ వీలు కూడా లేదు. భూమి ఆవిడది కాదు. చెట్టు పెడితే రేపు హక్కు అడుగుతారని ఆసామి పెట్టనివ్వడు. పట్టా లేదు కాబట్టి చోళ్ళు పండించినా ఆవిడ పేరు మీద అమ్ముకోవడమూ కష్టమే. పైగా కూలికి కూడా వెళ్తుంది, అక్కడ వేళలు ఆవిడ చేతిలో లేవు. ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఎండలోనే. మా సంఘంలో ఈ మాట నేనే ఎత్తాను: ఏప్రిల్, మే నెలల్లో కూలికి పిలిచేవాళ్ళు తెల్లవారుజామున ఐదు నుంచి పది లోపే పని ముగించాలి, కూలి మాత్రం తగ్గించకూడదు. ఏడుగురు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు చూద్దామన్నారు. ఈలోపు పిన్నికి మా పందిరి ఉంది. గట్టుకి అటు వైపు నుంచి రావడానికి వీలుగా మా ఆయన ముళ్ళకంప తీసి దారి చేశారు. నిన్న పదకొండింటికి వెళ్ళేసరికి పిన్నీ, మా అత్తా అక్కడే కూర్చుని తరవాణి తాగుతున్నారు. అడిగిన ప్రతిదానికీ ఇద్దరూ తిన్నగానే జవాబు చెప్పారు.